పల్లీ చట్నీ కోసం జనరేటరు

2019 మే నెల, పొద్దున్న ఆరుంబావు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు లోయలో అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండు. బయట ఆరు డిగ్రీల చలి. అద్దెకు తెచ్చుకున్న పాతిక అడుగుల మోటర్‌హోములో, అంటే వంటిల్లూ మంచాలూ ఉన్న బండిలో, మా అమ్మ వేయించిన పల్లీలూ పచ్చిమిరపకాయలూ మిక్సీ జారులో వేసుకుని నా వైపు చూస్తోంది. నేను గోడ మీదున్న స్విచ్చి నొక్కాను. వెనక మంచం కింద ఎక్కడో జనరేటరు రెండుసార్లు దగ్గి అందుకుంది. గిన్నెలన్నీ సన్నగా వణకడం మొదలుపెట్టాయి. అమ్మ మిక్సీ వేసింది.

రెండు నిమిషాలకు తలుపు మీద ఎవరో కొట్టారు. తీస్తే పక్క సైటులో గుడారం వేసుకున్న ఒక పెద్దావిడ. పైజామా మీద కోటు, కోటు మీద దుప్పటి. తిట్టడానికి వచ్చిందనుకుని సారీ చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. "మీలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ఏమైనా సాయం కావాలా?" అని అడిగింది. ఆ వేళలో జనరేటరు వేశారంటే ఏ ఆక్సిజన్ మిషనో అయి ఉంటుందని పాపం అనుకుంది. నేను జవాబు వెతుక్కునేలోపు ఆవిడ చూపు నా భుజం మీదుగా లోపలికి పోయింది. అమ్మ జారు మూత తీసి వేలితో ఉప్పు చూస్తోంది. "ఓ" అని ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ "ఓ" దెబ్బకు ఆ రోజు చట్నీ రుచి నాకు తెలియలేదు. మిగతావాళ్ళు మాత్రం బాగా తిన్నారు.

రూలు తెలియక చేసిన పని కాదది. బోర్డు మీద స్పష్టంగా ఉంది: రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకూ నిశ్శబ్దం. జనరేటరుకు మాత్రం రోజుకు మూడు విడతలు: 7 నుంచి 9, 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. ఆరు దాటింది కదా, నిశ్శబ్దం గంటలు అయిపోయాయి కదా అని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. మనకు పని పడినప్పుడు రూల్లో సందు భలే కనిపిస్తుంది.

తర్వాత సొంతంగా, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే పాత ట్రైలరు ఒకటి కొన్నాను. కాలిఫోర్నియాలో, యూటాలో, అరిజోనాలో చాలాచోట్ల దాన్ని నిలబెట్టాను. ఇన్నేళ్ళకు నాకో అభిప్రాయం గట్టిపడింది. ఏసీ లేకపోతే కుదరదనుకుంటే హుకప్ ఉన్నచోటికే వెళ్ళాలి. హుకప్ లేనిచోటికి వెళ్ళదలిస్తే ఏసీ, మైక్రోవేవు, మిక్సీ ఇంటి దగ్గర వదిలేశామనుకుని బయల్దేరాలి. ఇదీ కావాలి, అదీ కావాలి అని జనరేటరు వెంటబెట్టుకుపోతే ఆ ఖర్చులో సగం పక్క గుడారంవాళ్ళు తమ నిద్రతో కడతారు. ఈ మాట మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అంటే సగం మంది కోప్పడ్డారు. వాళ్ళ కోపంలోనూ కొంత న్యాయం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

హుకప్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. సైటు పక్కన నడుమెత్తు స్తంభం ఒకటి ఉంటుంది, పెడెస్టల్ అంటారు. అందులో ప్లగ్గులు, వాటి బ్రేకర్లు. మన బండికున్న లావుపాటి వైరు తీసుకెళ్ళి అక్కడ తగిలిస్తే కరెంటు వస్తుంది. మొదటిసారి నాన్నకు దీన్ని చూపించి "హుకప్ అంటే ఇదే" అంటే ఆయన నవ్వాడు. "కొక్కెం అని చెప్పు" అన్నాడు. మా ఊళ్ళో స్తంభాల మీద వైర్లకు కొక్కేలు తగిలించి దొంగ కరెంటు లాగేవాళ్ళు. ఆ మాటకు ఇక్కడ రిజర్వేషను, రసీదు ఉన్నాయి, అంతే తేడా.

ఈ ప్లగ్గుల్లో ముఖ్యమైనవి రెండు. 30 యాంపులది, 50 యాంపులది. చాలామంది రెండోది మొదటిదాని కంటే కాస్త పెద్దది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 30 యాంపులది 120 ఓల్టుల ఒకే లైను, అంటే 3,600 వాట్లు. 50 యాంపులదాంట్లో అలాంటి లైన్లు రెండుంటాయి, ఒక్కోటి 50 యాంపులు. మొత్తం 12,000 వాట్లు. మూడు రెట్ల పైమాట. మాది 30 యాంపుల ట్రైలరు. ఏసీ తిరిగేటప్పుడు 1,500 వాట్లు, మైక్రోవేవు ఇంకో 1,500. ఈ రెండూ నడుస్తుండగా గీజరు కరెంటు మీద వేస్తే ఇంకో 1,440. అయిపోయింది, బ్రేకర్ పడిపోతుంది. మా ఆవిడ తల ఆరబెట్టుకోవడానికి డ్రయ్యరు తీస్తే నేను పరుగెత్తుకెళ్ళి ఏసీ ఆపడం మా ఇంట్లో పాత జోకు. ఇంటి కరెంటుకు అలవాటుపడి మనం వాట్ల లెక్క ఎప్పుడో మరిచిపోయాం. ఆర్వీలో (మోటర్‌హోములూ ట్రైలర్లూ, ఇలాంటి ఇంటి బళ్ళన్నిటికీ అదే పేరు) అది మొదటి గంటలోనే గుర్తొస్తుంది.

బండిలో బ్రేకర్ పడితే అది మన గొడవ. పార్కు మొత్తానికీ కరెంటు సన్నబడితే అది అందరి గొడవ. దాని గురించి నాకు పాఠం చెప్పినవాడు మా నాన్న.

ఒక జులైలో ఫ్రెస్నో దగ్గర ప్రైవేటు ఆర్వీ పార్కులో దిగాం. ఎండ 42 డిగ్రీలు. పార్కు నిండుగా ఉంది. మా రెండువైపులా ఇళ్ళంతేసి బళ్ళు, ఒక్కోదానికి పైన రెండేసి ఏసీలు. పొద్దున్న నా మీటరు 118 ఓల్టులు చూపించింది. మధ్యాహ్నం 112. సాయంత్రం ఐదుకు 106. నేను లోపల సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్నాను. నాన్న లేచి కూర్చుని పైన ఏసీ వైపు చెవి పెట్టాడు.

"ఒరేయ్, అది మూలుగుతోందిరా. ఆపెయ్."

"బానే ఉంది నాన్నా, చల్లగాలి వస్తోందిగా."

"ఇది లో ఓల్టేజీ. ఆ గొంతు నాకు తెలీదా? కాలిపోద్ది, ఆపెయ్ ముందు."

నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో ఆయనకు బోరు కింద నాలుగెకరాల మిరప. స్టార్టరు డబ్బా పక్కన మంచం వేసుకుని రాత్రిళ్ళు కాపలా పడుకున్న మనిషి. ఓల్టేజీ పడిపోయినప్పుడు మోటారు ఎలా మూలుగుతుందో, ఆ మూలుగు ఎంతసేపటికి కాలిన వాసనగా మారుతుందో ఆయనకు తెలిసినట్టు నా చేతిలో మీటరుకు తెలియదు. వైండింగు చుట్టించడానికి ఎన్నిసార్లు మోటారును టౌనుకు మోసుకెళ్ళాడో లెక్కలేదు. నేను మాత్రం ఇంజనీరును కదా, "ప్రొటెక్టర్ పెట్టాను నాన్నా, అదే చూసుకుంటుంది" అన్నాను. అది చూసుకుంది. 104 కిందికి దిగగానే ఠప్పున మొత్తం ఆపేసింది. నాన్న ఏమీ అనలేదు. తువ్వాలు తడుపుకుని భుజం మీద వేసుకుని బయటికెళ్ళి కూర్చున్నాడు.

ప్రొటెక్టర్ అన్నది చిన్న డబ్బా. పెడెస్టల్‌కీ మన వైరుకీ మధ్య పెట్టుకుంటాం. ఓల్టేజీ 104 కంటే తగ్గినా, 132 మించినా, ఎర్తు సరిగా లేకపోయినా, వైర్లు తారుమారైనా కరెంటు లోపలికి రానివ్వదు. ఎర్తు లేని పెడెస్టల్ ఎంత ప్రమాదమో చెప్పాలి: బండిలో ఎక్కడైనా లీకైన కరెంటు దాని ఒళ్ళంతా పారి, తడి నేల మీద నిలబడి తలుపు గొళ్ళెం పట్టుకున్నవాళ్ళకు షాకు కొడుతుంది. అంచేత ఆర్వీ కొన్నవాళ్ళు మిగతా సామాను ఏది తగ్గించుకున్నా దీన్ని మాత్రం తగ్గించుకోకూడదు. ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పెడెస్టల్‌లో బ్రేకర్ కిందికి దించడం కూడా మర్చిపోకూడదు.

అసలు అంత డబ్బు తీసుకున్న పార్కులో ఓల్టేజీ ఎందుకు పడిపోవాలి? పార్కువాళ్ళ మోసం అనుకున్నాను. తర్వాత అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చదివితే తెలిసింది. ఆర్వీ పార్కులకు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎంత సైజు వేయాలో 551వ ఆర్టికల్‌లో ఒక పట్టిక ఉంది. ఒక్క సైటే ఉంటే దాని పూర్తి లోడుకు వేయాలి. సైట్లు పెరిగేకొద్దీ అందరూ ఒకేసారి పూర్తిగా వాడరు కదా అని శాతం తగ్గిస్తూ పోతారు. 36 సైట్లు, అంతకు మించితే మొత్తం లోడులో 41 శాతానికి లెక్క కడితే చాలు. వసంతంలో, శరత్తులో ఇది చక్కగా సరిపోతుంది. జులై సాయంత్రం ఐదింటికి, ప్రతి బండి మీదా ఏసీలు తిరుగుతూ లోపల వంట మొదలైనప్పుడు, ఆ 41 శాతం ఒట్టి ఆశ. వైరు పాతదైతే, మన సైటు ఆ లైనుకు చివర ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఇది చెబితే నాన్నకు ఆశ్చర్యం కలగలేదు. వాళ్ళ ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ల కథ ఇదే. మోటార్లు నడిచే త్రీఫేజు కరెంటు ఏ వేళప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకుంటారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. తర్వాత దాని కిందున్న రైతులంతా చందాలు వేసుకుని దాన్ని దించి, ట్రాక్టరు మీద రిపేరుకు తీసుకెళ్ళాలి. చివరికి వంతులు పెట్టుకున్నారు, ఈ గంట నీది, ఆ గంట నాది అని. "ఇక్కడ కూడా వంతులు పెట్టుకుంటే అయిపోద్ది. ఆ పెద్ద బండాయనతో నేను మాట్లాడనా?" అని లేచాడు. "మావయ్యగారూ, మీరు కూర్చోండి" అని మా ఆవిడ గాభరాపడింది. ఆయన్ను ఆపకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం మేం చేసింది ఇంతే. గీజరునూ ఫ్రిజ్జునూ గ్యాసు మీదికి మార్చాం. ఏసీ ఆపి పిల్లల్ని కొలనులోకి తోలాం. ఎనిమిదింటికి మీటరు మళ్ళీ 114 చూపించింది, అప్పుడు ఏసీ వేసుకున్నాం. ప్లగ్గుకు డబ్బు కట్టినంత మాత్రాన కరెంటు నా సొంతమైపోలేదు. అక్కడా అందరం ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నాం.

ఎలక్ట్రిక్ కార్లున్న మన వాళ్ళకు ఇక్కడొక మాట. 50 యాంపుల ఆర్వీ ప్లగ్గు, ఇళ్ళ గరాజుల్లో కారు చార్జింగుకు పెట్టించుకునే ప్లగ్గు ఒకటే. అందుకే టెస్లాలు వచ్చిన కొత్తల్లో దూర ప్రయాణాలవాళ్ళు ఆర్వీ పార్కుల్లో ఆగి చార్జ్ చేసుకునేవారు. ఇప్పుడు కొన్ని పార్కులు దీనికి విడిగా డబ్బు తీసుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. పిసినారితనం అని తిట్టుకునే ముందు ఆలోచించండి. 32 యాంపుల చార్జరు 7.7 కిలోవాట్లు ఆపకుండా గంటల తరబడి లాగుతుంది. ఏసీకైనా మధ్యలో విరామం ఉంటుంది, కారుకు ఉండదు. అర్ధరాత్రి దాటాక పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇక హుకప్ లేనిచోటు సంగతి. యోసెమిటీలో ఏ క్యాంప్‌గ్రౌండులోనూ హుకప్‌లు లేవు. ఎల్లోస్టోన్‌లో ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులోనే ఉన్నాయి. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయని గుడారాలను, గుడ్డ గోడల బళ్ళను రానివ్వరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు గట్టు మీద ట్రెయిలర్ విలేజ్‌లో కరెంటు, నీళ్ళు, మురుగు అన్ని హుకప్‌లూ ఉంటాయి, దాని పక్కనే ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండులో ఏమీ ఉండవు. జాయన్ నేషనల్ పార్కులో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండు నాకు బాగా నచ్చిన ఏర్పాటు. కొన్ని సైట్లకు కరెంటు ఇచ్చారు, నీళ్ళూ మురుగూ కనెక్షన్లు లేవు, జనరేటర్లు పూర్తిగా నిషేధం. కరెంటు కావాలంటే ఆ సైటు పట్టుకో, దొరక్కపోతే లేకుండా ఉండు. రెండింటి మధ్య బేరం లేదు.

అయితే బ్యాటరీ మీద రాత్రి గడవదా? గడుస్తుంది. ఆ రోజు నాకెందుకు గడవలేదో తర్వాత కూర్చుని లెక్క కట్టాను. మోటర్‌హోములో హీటరు గ్యాసు మీద మండుతుంది కాబట్టి దానికి కరెంటు అక్కర్లేదనుకున్నాను. కానీ ఆ వేడిని లోపలికి ఊదే ఫ్యాను 12 ఓల్టుల బ్యాటరీ మీద దాదాపు 7 యాంపులు తింటుంది. పది గంటల రాత్రిలో సగంసేపు తిరిగినా 35 యాంపవర్లు (యాంపులు ఇంటూ గంటలు). అద్దె బండిలో ఉన్నది 100 యాంపవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. అలాంటిదాన్ని సగానికి మించి వాడకూడదు, అంటే చేతిలో ఉన్నది 50. అందులో లైట్లు, నీళ్ళ పంపు, గ్యాసు అలారం, రాత్రి పదకొండు దాకా పిల్లల ఫోన్ల చార్జింగు. తెల్లారుజామున నాలుగున్నరకు బ్యాటరీ పడిపోయి అలారం కుయ్ కుయ్ మనడంలో వింతేముంది? హీటరును 72 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టి, పైన సగం దుప్పటి కప్పుకుని పడుకున్నాం. 60కి పెట్టి రెండు రగ్గులు కప్పుకుంటే ఆ బ్యాటరీయే సరిపోయేది. మిక్సీకి మాత్రం చాలేది కాదనుకోండి, బండిలో ఇన్వర్టరు లేదు. చట్నీ ఇంటి దగ్గరే రుబ్బుకుని తెచ్చుకోవలసింది.

జనరేటరు తప్పదు అనడానికి మన వాళ్ళు అందరికంటే ముందు తెచ్చే కారణం పెద్దవాళ్ళ సీప్యాప్ మిషను, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదేది. నాన్నకూ ఉంది. నేనూ మొదట అదే చెప్పాను, అది చెబితే ఎవరూ ఎదురు మాట్లాడలేరు మరి. కానీ లెక్క కట్టి చూడండి. గాలికి తడి చేర్చే నీళ్ళ వేడి ఆపేస్తే ఆ మిషను లాగేది 30, 40 వాట్లు. ఎనిమిది గంటలకు సుమారు 300 వాటవర్లు (వాట్లు ఇంటూ గంటలు). ఇప్పుడు నా ట్రైలరులో ఉన్న 100 యాంపవర్ల లిథియం బ్యాటరీలో 1,280 వాటవర్లుంటాయి. వేరే ఏదీ వాడకపోతే నాలుగు రాత్రులు నాన్న హాయిగా నిద్రపోవచ్చు. అదే బ్యాటరీ మీద ఏసీ వేస్తే గంట కూడా రాదు. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. ప్రాణానికి అవసరమైనవి చిన్న లోడ్లు, బ్యాటరీ మోస్తుంది. జనరేటరు అడిగేవన్నీ సుఖానికి సంబంధించిన పెద్ద లోడ్లు. మరీ ఎండ దెబ్బ తగిలేంత వేడిలో పెద్దవాళ్ళకు ఏసీ సుఖం కాదు, అవసరమే. ఒప్పుకుంటాను. కానీ అలాంటప్పుడు వాళ్ళను హుకప్ లేని చోటికి తీసుకెళ్ళడమే తప్పు.

గ్రూపులో ఒకాయన అన్నాడు, "ఇంత గొడవెందుకు? ప్రతి సైటుకూ హుకప్ పెట్టేస్తే పోలా? ధనిక దేశం కదా." పైకి బాగానే ఉంది. మొదట నేనూ దీనికే ఓటేశాను. ఇప్పుడు వద్దంటాను. హుకప్ వచ్చిన చోటికి దానికి తగ్గ బళ్ళు వస్తాయి. 50 యాంపుల స్తంభం పెట్టాక రెండు ఏసీల బండి వస్తుంది. అది తిరగడానికి రోడ్డు వెడల్పు చేయాలి, చెట్లు కొట్టాలి, వేర్ల మధ్య కందకాలు తవ్వి వైర్లు వేయాలి. ఏసీ కంప్రెసర్ల హోరు మాత్రం చప్పుడు కాదా? ఫ్రెస్నో పార్కులో రాత్రంతా విన్నాను. గుడారం వేసుకునేవాడికి మిగిలేది ఏమిటి? పార్కు బయట, ఊళ్ళ పక్కన, హుకప్‌లున్న పార్కులు కావలసినన్ని ఉన్నాయి. లోపల కొన్నిచోట్లనైనా చీకటిని చీకటిగా ఉండనివ్వాలి.

రెండో అభ్యంతరం అంత తేలిగ్గా తీసిపారేసేది కాదు. మా ఆఫీసులో పనిచేసే ఒక మెక్సికన్ మిత్రుడు అడిగాడు: "నిశ్శబ్దం డబ్బున్నవాడికేనా?" చప్పుడు తక్కువ చేసే హోండా ఈయూ2200ఐ లాంటి ఇన్వర్టర్ జనరేటరుకు వెయ్యి డాలర్ల పైనే అవుతుంది. 21 కిలోల బరువు, చేత్తో పట్టుకెళ్ళొచ్చు, తక్కువ లోడు మీద 48 డెసిబెల్స్, పూర్తి లోడు మీద 57. దాంట్లో సగం ధరకే దానికి రెట్టింపు వాట్లిచ్చే ఇనప చట్రం జనరేటరు వస్తుంది, ఇళ్ళు కట్టేచోట వాడే రకం, 70 డెసిబెల్స్ దాటి అరుస్తుంది. చెవికి పది డెసిబెల్స్ పెరిగితే చప్పుడు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. లిథియం బ్యాటరీ, పైన సోలారు పలకలు వేసుకుంటే చప్పుడే ఉండదు, కానీ దానికీ వేల డాలర్లు కావాలి. పైగా అప్పర్ పైన్స్ లాంటి చోట పొడుగాటి దేవదారుల నీడలో 400 వాట్ల సోలారు పెట్టినా సరైన ఎండే తగలదు. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం ప్రకారం వచ్చిన నిబంధనలతో 2028 మోడలు నుంచి ఈ రాష్ట్రంలో అమ్మడానికి తయారుచేసే కొత్త పోర్టబుల్ జనరేటర్లు పొగ లేనివై ఉండాలి. అంటే పెట్రోలువి పోయి బ్యాటరీ పెట్టెలు రావాలి. అప్పుడు తక్కువ డబ్బున్నవాడి గతేమిటన్న ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది.

నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే జనరేటర్లను అన్నిచోట్లా నిషేధించమని నేను అనను. యోసెమిటీలో పెట్టిన విడతల పద్ధతి ఈ మిత్రుడి కోసమే అన్నట్టు ఉంటుంది. రెండు గంటలు చాలవంటారు కొందరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎనభై శాతం దాకా త్వరగానే ఎక్కుతుంది, తర్వాతి ఇరవై శాతమే గంటలకొద్దీ లాగుతుంది. ఆ ఎనభై కోసం పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలావరకు చాలు. దానికి భిన్నంగా కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో పొద్దున్న పది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఏకబిగిన అనుమతి ఉంది. అది నాకు నచ్చదు. పది గంటలిస్తే పది గంటలూ వాడేవాడు ఒక్కడు చాలు, ఆ వరస మొత్తం పాడవుతుంది.

నేషనల్ పార్కులన్నిటికీ వర్తించే ఫెడరల్ నిబంధన ఒకటుంది: 50 అడుగుల దూరంలో కొలిస్తే 60 డెసిబెల్స్ దాటకూడదు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ క్యాంప్‌గ్రౌండులో పక్క గుడారం 50 అడుగుల దూరంలో ఎక్కడుంటుంది? దూరం సగమైతే ఆరు డెసిబెల్స్ పెరుగుతాయి. 25 అడుగుల్లో ఉన్నవాడికి 66. పైగా రేంజర్ మీటరు పట్టుకుని తిరగడం నేనెక్కడా చూడలేదు. చప్పుడు కొలిచే రూలు కంటే వేళలు చెప్పే రూలే నయం. గడియారం అందరి దగ్గరా ఉంది.

ఒక్క విషయంలో మాత్రం వాదనకు చోటు లేదు. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇళ్ళకు కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం అటువైపు తిప్పి పెట్టమని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతుంది. మన బండికి దూరంగా జరపడమంటే చాలాసార్లు పక్కవాడి గుడారానికి దగ్గరగా జరపడమే. బండిలో అలారం ఉంటుంది. గుడారంలో ఉండదు. అద్దె మోటర్‌హోముల్లో జనరేటరు అడుగునే బిగించి ఉంటుంది కాబట్టి గొట్టం ఏ వైపుందో చూసుకుని బండిని నిలపాలి. ఆ రోజు నేను చూడలేదు. ఆ పెద్దావిడ గుడారం ఏ వైపున ఉందో తర్వాత గుర్తు చేసుకుంటే ఒళ్ళు జలదరించింది.

పోయినేడు మేలో మళ్ళీ అప్పర్ పైన్స్‌కు వెళ్ళాం, అమ్మానాన్నలతోనే. ఈసారి అమ్మ పల్లీ చట్నీ, అల్లం పచ్చడి ఇంట్లోనే చేసి డబ్బాల్లో పెట్టి తెచ్చింది. హీటరు 60 మీద, అందరికీ రెండేసి రగ్గులు. రాత్రి అలారం మోగలేదు. పొద్దున్నే నాన్నా నేనూ బయట కుర్చీలేసుకుని కాఫీ తాగుతున్నాం. ఎదురుగా గ్రానైటు గోడ మీద ఎండ మెల్లగా కిందికి దిగుతోంది. ఏడయింది. ఎడమ వైపు ఒక జనరేటరు అందుకుంది. వెంటనే రోడ్డవతల ఇంకోటి. నిమిషంలో వరసంతా నాలుగైదు లేచాయి.

నాన్న కప్పు కింద పెట్టి వాచీ చూసుకున్నాడు.

"త్రీఫేజు ఇచ్చార్రా" అన్నాడు.